మూర్ వ్యాసం: వేగం గురించి అది చెప్పినదెంత?

మూర్ సూత్రం అనగానే చాలామంది విద్యార్థులు కంప్యూటర్ వేగం పద్దెనిమిది నెలలకొకసారి రెట్టింపవుతుందని రాస్తారు. గోర్డన్ మూర్ 1965 ఏప్రిల్‌లో ‘ఎలక్ట్రానిక్స్’ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఆ మాట లేదు. చిప్‌పై అతి తక్కువ ఖర్చుతో అమర్చగల భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతోందని, 1975 నాటికి అది 65,000కు చేరవచ్చని ఆయన అంచనా. 1975లో ఆ గడువును ఆయనే రెండేళ్లకు మార్చారు. పద్దెనిమిది నెలల లెక్క ఇంటెల్‌కు చెందిన డేవిడ్ హౌస్‌ది.

అంటే ఇది ప్రధానంగా ఖర్చును గురించిన వ్యాసం. కొద్ది సంవత్సరాల లెక్కలను మాత్రమే ఆధారం చేసుకొని పదేళ్ల ముందుకు గీత గీయడం సాహసమే. (మీరు పరీక్షలో అలా గీస్తే మార్కులు పడవు.) అయితే వ్యాసంలో బలహీనమైన చోటు ఇది కాదు, వేడిని గురించిన భాగం. వేలకొద్దీ భాగాలు ఒకే చిప్‌పై పనిచేస్తే పుట్టే వేడిని తొలగించగలమా అనే ప్రశ్నను మూర్ తానే వేసుకున్నారు. భాగాలు చిన్నవయ్యేకొద్దీ, అంతే వైశాల్యంలో అంతే విద్యుత్తుతో, మరింత వేగంగా పనిచేయించవచ్చని జవాబిచ్చి ముందుకు సాగిపోయారు.

ఆ జవాబు ఒక షరతుకు లోబడి నిజం. ఆ షరతును 1974లో రాబర్ట్ డెనార్డ్ బృందం స్పష్టం చేసింది: ట్రాన్సిస్టర్ పరిమాణంతోపాటు వోల్టేజి కూడా తగ్గాలి. చిప్ వాడుకునే విద్యుత్తు ముఖ్యంగా వోల్టేజి వర్గాన్ని, క్లాక్ వేగాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజి ఒక వోల్టు దరిదాపులకు వచ్చాక దాన్ని ఇంకా తగ్గించడం కష్టమైంది. అందుకు తగినట్లు ట్రాన్సిస్టర్‌ను మారిస్తే, అది ఆగి ఉన్నప్పుడు కూడా విద్యుత్తు కారిపోతుంది. 2000లో 1.5 గిగాహెర్ట్జ్ వేగంతో వచ్చిన పెంటియం 4, 2004లో 3.8 దగ్గర ఆగింది. 4 గిగాహెర్ట్జ్ నమూనాను ఇంటెల్ విరమించుకుంది. ట్రాన్సిస్టర్ల సంఖ్య మాత్రం ఆ తరువాత కూడా పెరుగుతూనే వచ్చింది. కాబట్టి వేగాన్ని శంకించినవారు గెలిచారు, చిప్ ప్రగతినే శంకించినవారు ఓడారు. ఈ రెండు సందేహాలను ఒకటిగా చూడకండి.

పెరిగిన ట్రాన్సిస్టర్లతో ఒకే చిప్‌పై అనేక కోర్లు అమర్చారు. ఇక్కడ మరో హద్దు ఉంది. దాన్ని జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చూపారు. ప్రోగ్రాం నడిచే సమయంలో పదో వంతు పని ఒకదాని తరువాత ఒకటిగానే జరగవలసి ఉంటే, వంద కోర్లు పెట్టినా అది పది రెట్లకు మించి వేగం అందుకోదు.