లైన్ ఆపే హక్కు

1924లో సకిచి టొయోడా తయారుచేసిన జి-రకం మరమగ్గంలో పడుగు పోగు తెగినా, పేక తెగినా మగ్గం తనంతట తానే ఆగిపోయేది. తప్పు గుడ్డ నేయడం కంటే ఆగడం మేలు. పైగా ఒక్క మనిషే పదుల కొద్దీ మగ్గాలు చూసుకోగలిగాడు. లీన్, అంటే వృథాను తగ్గించే ఉత్పత్తి పద్ధతి గురించి నేను చదివినవాటిలో నన్ను వదలనిది ఈ మగ్గమే. సకిచి కొడుకు కీచిరో పెట్టిన కార్ల కంపెనీ టొయోటాలో ఇంజనీర్ తైచి ఓనో ఈ పద్ధతిని మనుషుల చేతికిచ్చాడు. తప్పు కనబడితే లైన్ మీది కార్మికుడే ఆపొచ్చు.

మనుషులకు అంత అధికారమిస్తే పని సాగుతుందా? కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ (జీఎం) ఫ్యాక్టరీ గొడవలతో, గైర్హాజరీతో 1982లో మూతపడింది. రెండేళ్లకు టొయోటాతో కలిసి న్యూమీ పేరుతో తెరిచారు. యూనియన్ అదే, కార్మికులూ చాలావరకు పాతవాళ్లే. తల మీద తాడు మాత్రం కొత్తది. లాగితే టీమ్ లీడర్ వచ్చేవాడు, ఆలోగా సర్దుకోకపోతే లైన్ ఆగేది. కొద్దికాలంలోనే నాణ్యతలో అది జీఎం ఫ్యాక్టరీలన్నిటికీ ముందు నిలిచింది. అదే దశాబ్దంలో జీఎం వందల కోట్ల డాలర్లు పోసి మిగతాచోట్ల పెట్టిన రోబోలకు ఆ ఫలితం రాలేదు.

2010లో అదే ఫ్యాక్టరీని టెస్లా కొనుక్కుంది. మోడల్ 3 ఉత్పత్తి ముందుకు కదలక, అతిగా ఆటోమేషన్ పెట్టడం పొరపాటేనని 2018లో ఎలాన్ మస్కే ఒప్పుకున్నాడు. ఒక కన్వేయర్ల వ్యవస్థను మొత్తం పీకేయించాడు కూడా. గోడలకు నోరు లేదు గానీ, ఉంటే ముందే చెప్పేవి.

అలాగని నేను డిజిటల్‌కు వ్యతిరేకిని కాను. మెషిన్ ఎంతసేపు ఖాళీగా ఉందో రిజిస్టర్ కంటే సెన్సార్ నిజం చెబుతుంది. ఆ నిజం ఎవరికి చేరుతోందన్నదే నా పేచీ. జీడిమెట్లలో ఒక మెషినింగ్ యూనిట్ యజమాని క్యాబిన్‌లో పెద్ద టీవీ చూపించారు, అన్నీ పచ్చ గీతలే. కింద ఆపరేటర్ బల్ల కింద రిజెక్షన్ పీసుల డబ్బా ఉంది. అడిగితే, ‘‘ఎరుపు పడితే పైనుంచి ఫోనొస్తుంది సార్’’ అన్నాడు. ఆ పీసులు ఎక్కడా లెక్కలోకి రాలేదు.

టీవీని లైన్ పక్కకు మార్చమన్నాను, యజమాని సరేనన్నారు. ఎవరినీ అడగకుండా ఆపరేటర్ పని ఆపేలా ఒక బటన్ పెట్టమన్నాను. దాని ఖరీదు ఎంతో కాదు. ‘‘అది మాత్రం మేనేజర్‌ని అడగాలండీ’’ అన్నారు.