భయానికీ ఒక ఛందస్సు

కవి, కథకుడు ఎడ్గార్ ఎలన్ పోకి 1845 కలిసొచ్చిన ఏడాది. జనవరి 29న న్యూయార్క్ ‘ఈవెనింగ్ మిర్రర్’ పత్రికలో ‘ద రేవెన్’ కవిత అచ్చయింది. వేసవిలో పన్నెండు కథల ‘టేల్స్’ వెలువడింది. నవంబరులో కవితా సంపుటి వచ్చింది. రెండు పుస్తకాలనూ వేసింది వైలీ అండ్ పుట్నమ్ సంస్థే. కవిత్వమూ, వెన్నులో చలి పుట్టించే కథలూ ఒకే చేతి మీదుగా రావడం కాకతాళీయం అనుకోను. భయపెట్టాలనుకునే కథకుడికి కావలసిన విద్యలో చాలా భాగం కవి ముందే నేర్చుకుని ఉంటాడు.

‘రేవెన్’లో కథ బహు తక్కువ. డిసెంబరు అర్ధరాత్రి, చనిపోయిన ప్రియురాలిని మరిచిపోవాలని పాత పుస్తకాలు తిరగేస్తున్న ఒకడి గదిలోకి బొంతకాకి వచ్చి కూర్చుంటుంది. అతను ఏమడిగినా, ఇంకెన్నటికీ లేదనే అర్థం వచ్చే ఒకే ఒక్క మాట అంటుంది. దయ్యం లేదు, నెత్తురు లేదు, చావు సైతం మన కళ్ల ముందు జరగదు. మరి ఆ గుబులు ఎక్కణ్ణుంచి వచ్చింది?

చెవిలోంచి. కవితలో మొత్తం 18 చరణాలు. ఒక్కో దానిలో ఐదు పొడుగు పాదాలు, చివర తెగ్గొట్టినట్టు ఒక పొట్టి పాదం. కాకి లోపలికి వచ్చేది ఏడో చరణంలో, నోరు విప్పేది ఎనిమిదో చరణంలో. కానీ మొదటి చరణం నుంచీ ప్రతిదీ ‘ఓర్’ అనే ఒకే మోత మీద ఆగుతుంది. ఎవరో తలుపు తట్టినట్టుంటుంది, తీసి చూస్తే చీకటి తప్ప ఏమీ ఉండదు. ఏమీ లేదని చెప్పే ఆ మాట కూడా అదే మోతతో ముగుస్తుంది. ఏడుసార్లు అలా విన్నాక కాకి తన మాట పలికేసరికి, ఆ మాట కోసం మన చెవి అప్పటికే కాచుకుని ఉంటుంది.

అక్కణ్ణుంచి ఆ మాట మన శతకాల్లో మకుటంలాగే కదలకుండా నిలబడుతుంది, దాని ముందున్నది మాత్రం మారుతూ పోతుంది. అయితే శతకకారుడు మకుటం దగ్గరికి వచ్చి ఊపిరి తీసుకుంటాడు. పో అక్కడికి వచ్చినప్పుడల్లా మనల్ని ఒక మెట్టు కిందికి దింపుతాడు. మొదట కాకిని వేళాకోళంగా పేరు అడుగుతాడు ఆ మనిషి. కాసేపటికి తన బాధకు మందుందా అంటాడు. చివరికి, పరలోకంలోనైనా ఆమె కనిపిస్తుందా అని అడుగుతాడు. ఆ పక్షికి వచ్చింది ఒక్క మాటేనని అతనికి ముందే తెలుసు. తెలిసి తెలిసి, ఆ జవాబు ఎక్కడ బాగా గుచ్చుకుంటుందో వెతుక్కుని మరీ అక్కడికే ప్రశ్నను తీసుకెళ్తాడు. కాకి పాపం తన పాఠం తాను అప్పజెప్పింది, అంతే.

ఈ కవితను ఎలా కట్టాడో 1846 ఏప్రిల్ ‘గ్రాహమ్స్ మ్యాగజైన్’లో పో స్వయంగా చెప్పుకున్నాడు. నిడివి ఒక్క కూర్చోవడంలో చదివేటంత ఉండాలట, నూరు పాదాల దగ్గర ఆగాలట. మొదట చిలుకను అనుకుని తర్వాత బొంతకాకికి మారాడట. లెక్కంతా ముందే వేసుకుని రాశానంటే పూర్తిగా నమ్మబుద్ధి కాదు. పని అయిపోయాక చెప్పే లెక్క ఎప్పుడూ కాస్త నున్నగానే ఉంటుంది. అయినా ‘ఒక్క కూర్చోవడం’ అన్న మాట గట్టిది. చదివేవాడు మధ్యలో లేచి మంచినీళ్లు తాగివస్తే భయం చల్లారిపోతుంది.

వచనంలోనూ అతనిది అదే పద్ధతి. 1843లో వచ్చిన ‘ద టెల్‌-టేల్ హార్ట్’ కథలో హంతకుడు తనకు పిచ్చి లేదని పదే పదే చెప్పుకుంటాడు. వాక్యాలు చిన్నవి, ఒకే మాట వెంటవెంటనే మళ్లీ మళ్లీ వస్తుంది. నేల చెక్కల కింద దాచిన శవం గుండె కొట్టుకుంటోందని అతను అనే సమయానికి, వాక్యాలే ఆ దెబ్బల్లా పడుతుంటాయి. దాన్ని పద్యపాదాలుగా విరగ్గొట్టి అచ్చువేసినా పెద్దగా తేడా తెలియదు.

డబ్బు మాట వేరు. ఆ రోజుల్లో పత్రికలు ఒకదాని నుంచి ఒకటి ఇష్టమొచ్చినట్టు ఎత్తి వేసుకునేవి. ‘రేవెన్’ అలా చాలా పత్రికల్లో అచ్చయింది, పో పేరు మోగింది, జేబు మాత్రం నిండలేదు.

తర్వాతి తరాల్లో ఈ బాటకు చిరునామా 1923లో షికాగోలో పుట్టిన ‘వియర్డ్ టేల్స్’ పత్రిక. అది కథలతో పాటు కవితలూ వేసేది. అందులో రాసిన క్లార్క్ ఆష్టన్ స్మిత్ ముందు కవి. 1912లో తొలి సంపుటి వచ్చేనాటికి అతనికి 19 ఏళ్లు. కథలవైపు గట్టిగా తిరిగింది తర్వాతెప్పుడో, ముసలి తల్లిదండ్రుల్ని పోషించుకోవడం కోసం. అదే పత్రికకు రాసిన హెచ్‌.పి. లవ్‌క్రాఫ్ట్ 1929 డిసెంబరు చివర మొదలుపెట్టి కొద్ది రోజుల్లోనే ముప్పైకి పైగా సానెట్‌లు రాసేశాడు. కథల్లో విశేషణాల మీద విశేషణాలు పోగేసే ఆ మనిషికి పద్నాలుగు పాదాల బిగువు మేలే చేసిందని నా ఉద్దేశం.

ఇప్పుడు అమెరికాలో ఈ కవిత్వానికి సంఘాలున్నాయి, అవార్డులున్నాయి. 1978లో సుజెట్ హేడెన్ ఎల్గిన్ పెట్టిన సైన్స్ ఫిక్షన్ కవుల సంఘం రిస్లింగ్ అవార్డు ఇస్తుంది. భయానక సాహిత్యానికి ఇచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డుల్లో కవితా సంపుటికీ ఒక విభాగం ఉంది. ఆ అవార్డు అందుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ లిండా అడిసన్, 2001 సంవత్సరానికి, కవితా సంపుటితోనే. ఆమె కథలూ రాస్తారు. ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా చిన్న ప్రచురణకర్తల దగ్గరే వస్తాయి, కొద్ది ప్రతులే అచ్చవుతాయి. పో తొలి పుస్తకం కూడా 1827లో పేరైనా లేకుండా, ‘ఒక బోస్టన్‌వాసి’ అన్న సంతకంతో వచ్చిన పల్చటి కవితల పొత్తమే.

కవితకు ఒక వెసులుబాటు ఉంది. నవలాకారుడు ఎక్కడో ఒకచోట సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ దయ్యం ఎవరు, ఎందుకు పట్టింది, ఎవరు చేయించారు, ఏం చేస్తే పోతుంది? ‘తులసిదళం’ నవల సీరియల్‌గా వచ్చిన రోజుల్లో పాఠకుల్ని వారం వారం పట్టి ఉంచినవి ఈ ప్రశ్నలే. కానీ జవాబులు దొరికే కొద్దీ భయం పలచబడి ఉత్కంఠ మిగులుతుంది. కవిని ఎవరూ సంజాయిషీ అడగరు. కాకి ఎక్కడిదో, ఆ మాట దానికి ఎవరు నేర్పారో పో తేల్చడు.

మన లాక్షణికులు భయానకాన్ని రసాల్లో చేర్చి పీట వేశారు. కవులు ఆ పీట మీద ఎక్కువసేపు కూర్చోలేదు. జాషువా ‘శ్మశానవాటి’లో కారుమబ్బులు, గుడ్లగూబలు, దయ్యాలు అన్నీ ఉన్నాయి. హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో నటులు ఆ పద్యాలను రాగం తీసి పాడుతుంటే పందిరంతా సద్దుమణిగేది. ఆ రాత్రి వర్ణన గొప్పగా భయపెడుతుంది, కానీ జాషువాకు కావలసింది భయం కాదు. రాజూ పేదా ఒకే మట్టిలో కలిసే చోటు చూపించడానికి ఆయన అక్కడికి వెళ్లాడు, అందుకే పద్యం త్వరగా కరుణవైపు మళ్లుతుంది. భయం దగ్గరే ఆగిపోయే తెలుగు కవిత అరుదు. మన పత్రికల్లో దయ్యం కథకు ఒక పేజీ, కవితకు ఇంకో పేజీ. యతి, ప్రాస, మకుటం అన్నీ చేతిలో ఉన్న భాషలో ఆ రెండు పేజీలూ ఇన్నేళ్లుగా ఒకదానికొకటి ఎదురుపడకపోవడమే వింత.