కుండయుఁ బుట్టయు: ఈశ్వరానుమానమును నిరీశ్వరవాదులు విమర్శించిన తెఱఁగు

ఆంధ్రకావ్యములు చదివినవారికి నాస్తికుఁడనఁగానే స్ఫురించు రూప మొక్కటి కలదు. శాంతిపర్వమున ధర్మరాజు పట్టాభిషేకవేళ బ్రాహ్మణవేషముతో వచ్చి నిందలాడి, విప్రుల హుంకారమున దగ్ధుఁడైన చార్వాకుఁడు రాక్షసుఁడు, దుర్యోధనుని చెలికాఁడు. కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయమునఁ జార్వాకుఁడు మహామోహుని పక్షమువాఁడు. 15వ శతాబ్దమున నంది మల్లయ ఘంట సింగయలు దానిని దెనిఁగించి యాతనిని దెలుఁగువారి యెదుట నిలిపిరి. శ్రీహర్షుని నైషధము పదునేడవ సర్గమునఁ గలిపరివారములోనుండి దేవతలఁ బరిహసించునదియు నిట్టివాఁడే. ఈ కావ్యములలో నాస్తికుఁడు భోగలాలసుఁడు, వాచాలుఁడు. అతనికిఁ బ్రత్యుత్తరము యుక్తికంటెఁ దర్జనముచేతనే యెక్కువగా నీయఁబడును.

శాస్త్రగ్రంథములు తెఱచినచో నీ రూపము మాఱిపోవును. అందు సృష్టికర్తను నిరాకరించినవారిలో ముందుగా లెక్కింపఁదగినవాఁడు వేదప్రామాణ్యమును బ్రాణముగా నెంచిన మీమాంసకుఁడు. మనువు వేదనిందకుని నాస్తికుఁడనెను. ఆ లక్షణమునుబట్టి కుమారిలభట్టు పరమాస్తికుఁడు. నేఁటి వాడుకలో దేవుఁడు లేఁడనువాఁడు నాస్తికుఁడు; ఆ వాడుకనుబట్టి సృష్టికర్త నంగీకరింపని యా భట్టపాదుఁడు నాస్తికుల పంక్తిలోఁ గూరుచుండవలసివచ్చును. కావున నిచ్చట నిరీశ్వరవాదులను పదమే యుక్తము. వారి వాదములఁ బరిశీలించినచో నొక్క విషయము స్పష్టమగును. వారిలో సమర్థులు ‘ఈశ్వరుఁడు లేఁడు’ అని మొదలిడక, ‘మీ హేతువు మీ సాధ్యము దాఁక నడువదు’ అని మొదలిడిరి. వారి బలమంతయు నీ రెండు వాక్యములకుఁ గల భేదమునందే యున్నది.

ముందుగా నైయాయికుని పక్షమును న్యాయముగా నిలుపవలెను. ఉదయనాచార్యుఁడు తన లక్షణావళికి శకము 906, అనఁగాఁ గ్రీ. శ. 984, కాలముగాఁ జెప్పుకొన్నాఁడు. అతని న్యాయకుసుమాంజలి యైదు స్తబకముల గ్రంథము. కడపటి స్తబకమున నీశ్వరసాధకములైన హేతువులు పెక్కు చెప్పఁబడినవి. వానిలో మొదటిది కార్యత్వము. భూమి, మొలక మొదలగునవి పుట్టినవి. పుట్టిన ప్రతివస్తువునకును, కుండకుఁ గుమ్మరివలె, కర్త యుండును. కావున వీనికిని గర్త కలఁడు. కర్త యనఁగా నుపాదానమును సాక్షాత్తుగా నెఱిఁగి, చేయఁగోరి, ప్రయత్నించువాఁడు. పరమాణువుల నట్లెఱుఁగుట మానవునకు సాధ్యము కాదు గనుక నా కర్త సర్వజ్ఞుఁడే కావలెను. పొగను జూచి నిప్పు నూహించు రీతినే యీ యనుమానమును నడచినది. దీనిఁ బరిహసించి తప్పించుకొన వీలులేదు.

సుమారు 7వ శతాబ్దమువాఁడైన ధర్మకీర్తి ప్రమాణవార్తికమున నీ తీరు యనుమానమున కిచ్చిన యుత్తర మొక పుట్టపై నిలిచినది. ఉదయనునికి మున్నే నైయాయికు లీ హేతువును జెప్పుచుండిరి. చిరకాలము లుప్తమని తలఁపఁబడిన యీ గ్రంథముయొక్క సంస్కృతమూలము 1930 తరువాతి సంవత్సరములలో రాహుల సాంకృత్యాయనుఁడు టిబెట్టునఁ గనిన తాళపత్రములవలనఁ దిరిగి వెలుఁగుఁ జూచెను. కుండ మంటి వికారము. దానిఁ గుమ్మరి చేసెను. పుట్టయు మంటి వికారమే. అంతమాత్రమునఁ బుట్టనుగూడఁ గుమ్మరియే చేసెనని చెప్పవచ్చునా? దృష్టాంత మల్పమైనను దానిలోని యాలోచన గంభీరము. పాడువడిన కోటను జూచినవాఁడు, కట్టినవానిఁ జూడకున్నను, కట్టినవాఁడు కలఁడని యూహించును. అట్టి కట్టడములు మనుజులు కట్టుచుండఁగా లోకము పలుమాఱు చూచియున్నది. పర్వతమును జూచినపు డా యూహ తనంతఁ గలుగదు. కుండకును బర్వతమునకును ‘కార్యము’ అను పేరే సమానము. పేరు సమానమైనంత వ్యాప్తి సిద్ధింపదు. తెల్లఁగాఁ గనఁబడునదెల్లఁ బొగయే యైనచో మంచును జూచియు నిప్పు నూహింపవలసివచ్చును.

నైయాయికుఁ డింతటితో నూరకుండఁడు. పుట్టకుఁ గుమ్మరి కర్త కాకపోవచ్చును. చెదలు కర్తలు కావా? ఈ ప్రశ్న సమంజసమే. పుట్ట కుమ్మరిని మాత్రమే త్రోసివేయును, కర్తనే త్రోసివేయదు. కాని చెదలను సాక్షులుగాఁ బిలిచినచో నైయాయికునకు లాభముకంటె నష్టమే యెక్కువ. పుట్టను గట్టునవి వేలకొలఁది ప్రాణులు. 1959లో ఫ్రెంచి ప్రాణిశాస్త్రజ్ఞుఁడు గ్రాస్సే వివరించిన ప్రకారము, ఒక చెదపురుగు పెట్టిన మంటియుండయే మఱియొకదానిఁ దనప్రక్క నింకొక యుండఁ బెట్టునట్లు ప్రేరేపించును. కట్టడ మంతయు నట్లే పెరుగును. ఉపాదానము నెఱిఁగి, ఫలమును గోరి, ప్రయత్నించు కర్త యను లక్షణ మిచ్చట నే యొక్కదానికిని బట్టదు. అయినను గదులును ద్రోవలును నమరియున్నవి. 1859లో డార్విను జీవుల యవయవముల యమరికకుఁ బ్రకృతివరణమును గారణముగా నుపపాదించిన పిమ్మట, అమరిక యున్నచో నాలోచించిన కర్త యుండి తీరవలెనను వ్యాప్తి మఱింత సడలినది. ధర్మకీర్తి కీ విషయము లేవియుఁ దెలియవు; సందేహింపవలసిన చోటును మాత్ర మతఁడు సరిగా గుర్తించెను.

రెండవ యాక్షేపము దృష్టాంతమును బూర్తిగా స్వీకరించి నడచును. కుమ్మరికి శరీరము కలదు, చక్రము కలదు, ఆఁకలి కలదు. అట్టి కర్తయే సిద్ధించినచో నీశ్వరుఁడు సిద్ధింపఁడు. శరీరము లేని కర్త కావలెనన్నచో దృష్టాంతమును విడిచినట్లే. కర్తృత్వమునకు జ్ఞానేచ్ఛాప్రయత్నములే చాలును, శరీర మప్రధానమని న్యాయపక్షమువా రందురు. శరీరము లేక ప్రయత్నించినవాని నెవ్వఁడు చూచెనని ప్రతివాది ప్రశ్న. మఱియుఁ బెద్ద మేడను బలువురు కలిసి కట్టుదురు. జగత్తు నొక్కఁడే చేసెననుటకుఁ గార్యత్వము సాక్ష్య మీయదు. స్కాట్లండు దేశపు తత్త్వజ్ఞుఁడు హ్యూము, మరణానంతరము 1779లో వెలువడిన తన సంభాషణగ్రంథమున, ఇండ్లను నోడలను గట్టు పలువురఁ జూపి యీ ప్రశ్ననే వేసెను. 8వ శతాబ్దమున శాంతరక్షితుఁడు తత్త్వసంగ్రహమున వేఱొక చిక్కుఁ జూపెను. సమర్థమైన కారణము నిత్యమైనచోఁ గార్యములన్నియు నొక్కమాఱే పుట్టవలెను. సహకారులకై వేచియుండునన్నచో నా సహకారులతోనే పని తీఱదా?

బౌద్ధులు హేతువును బరీక్షింపఁగాఁ గుమారిలుఁడు శ్లోకవార్తికమున సృష్టిప్రయోజనమునుగూడఁ బరీక్షించెను. సృష్టికి మున్ను ప్రాణులు లేవు. అప్పు డెవ్వరియెడ దయ కలుగును? దయచేతనే సృజించినచో సుఖమయమైన లోకమునే సృజింపవలదా? దుఃఖము లేక సృష్టి పొసఁగదన్నచో నతని స్వాతంత్ర్య మేమైనది? ప్రయోజనము లేక చేసెనన్నచో మందబుద్ధియు నట్లు చేయఁడు. క్రీడ యన్నచోఁ గృతార్థునకుఁ గ్రీడ యేల? ప్రాణుల కర్మములనుబట్టి సృజించుననునది ప్రసిద్ధమైన సమాధానము. అట్లైనచోఁ గర్మమే చాలునని మీమాంసకుఁడు. అచేతనమైన కర్మ మధిష్ఠాత లేక ఫలింపదని నైయాయికుఁడు. ఇచ్చట నైయాయికుని మాటకు బలము కలదు. పుణ్యపాపముల లెక్కను నమ్మినవాఁడు, లెక్క చూచువాఁడు లేక యది యెట్లు తప్పక చెల్లునో చెప్పవలసినవాఁడే. కర్మమునే యంగీకరింపని లోకాయతికున కీ చిక్కు లేదు. అతనికి వేఱొకటి కలదు.

ప్రత్యక్ష మొక్కటే ప్రమాణమనువాఁడు, కనఁబడఁడు గనుక లేఁడనును. ఉదయనుఁడు దీనికిఁ జెప్పిన యుత్తరము కుసుమాంజలిలో మిక్కిలి సరసమైన ఘట్టము. ఇల్లు వెడలిన చార్వాకుఁడు, ఆలుబిడ్డలు కనఁబడరు గనుక వారు లేరని నిశ్చయించి, తిరిగి యింటికిఁ బోవుట మాని, ఱొమ్ము బాదుకొని యేడ్వవలసివచ్చును. కనఁబడఁదగినది కనఁబడకున్ననే లేదనవచ్చును. కనఁబడఁదగని దానియెడ నా యుక్తి చెల్లదు. ఇది సత్యమే. కాని యీ యుత్తరము లేఁడని ప్రతిజ్ఞ చేసినవానినే జయించినది. ఉన్నాఁడనుటకుఁ జూపిన హేతువు చాలదన్న ధర్మకీర్తిని దాఁకలేదు. సాధకము లేకుండుట వేఱు, బాధక ముండుట వేఱు. ఈ భేదమును బాటించిన నిరీశ్వరవాది తన స్థానమున నిలిచినాఁడు. దానిని మీఱినవాఁడు ప్రతిపక్షమునఁ దాను జూపిన దోషమునకే తాను లోనయ్యెను.

ఉదయనునియెడ నింకొక న్యాయము పాటింపవలెను. అతఁడు తన తర్కమును శ్రవణానంతరము జరుగు మననముగాను, ఉపాసనగాను జెప్పుకొన్నాఁడు. అతని భక్తి యనుమానమునుండి పుట్టలేదు. ముందేయున్న భక్తి యనుమానముగా మాటలాడినది. అందుచే హేతువు సడలినంత భక్తి సడలవలసిన పనిలేదు. భక్తి దృఢమైనంత హేతువు దృఢమగుటయు లేదు. ఈ రెంటిని గలిపివేయుటచేతనే యీ వాదమునఁ బెక్కుమాఱులు కోపము ప్రవేశించినది.

కావ్యములోని చార్వాకుఁడు హుంకారమున బూడిదయయ్యెను. శాస్త్రములోని నిరీశ్వరవాది కట్టి గతి పట్టలేదు. అతని వాక్యములను బ్రతిపక్షులే తమ గ్రంథములలోఁ బూర్వపక్షములుగా వ్రాసికొని పిదప నుత్తర మిచ్చిరి. లోకాయతుల గ్రంథములు దాదాపుగా నశించినను వారి మాట నేఁటికిని వినఁబడుచుండుటకు విరోధుల యీ వాడుకయే ముఖ్యకారణము. తెలుఁగున నీ విషయమును వ్రాయు నుభయపక్షములవారికిని ప్రబోధచంద్రోదయపుఁ జార్వాకునికంటెఁ బ్రమాణవార్తికములోని పుట్టయుఁ, గుసుమాంజలిలోని యిల్లు వెడలినవాఁడును మేలైన మార్గదర్శకులు. పుట్టకు సమాధానము చెప్పని యీశ్వరవాదమును, ఇల్లు వెడలినవానికి సమాధానము చెప్పని నిరీశ్వరవాదమును, రెండును విచారమున సగమునే ముగించినవి.