సుందర్‌లాల్ సంఘం నివేదిక: ఒక పరిశీలన

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ‘పోలీసు చర్య’గా పేరుపడిన ఆ ఘటన వెంట జిల్లాలలో ముస్లింలపై సాగిన హింసను తెలుసుకొనేందుకు ప్రభుత్వం కోరగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు సంస్థానంలో పర్యటించారు. 16 జిల్లాలలో తొమ్మిదింటిని చూశారు. తాము వెళ్ళని 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా జనంతో మాట్లాడారు. వారి నివేదికను ప్రభుత్వం ప్రకటించలేదు. 2013లో వెలువడిన ఎ.జి. నూరానీ గ్రంథం ద్వారానే అది ఎక్కువమంది పాఠకులకు అందింది.

ఈ నివేదికపై చర్చ అంతా ఒక అంకె చుట్టూనే తిరుగుతున్నది. మృతులు తక్కువలో తక్కువగా 27,000 నుండి 40,000 అనీ, అందులో ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల వారే 18,000కు తగ్గరనీ సంఘం అంచనా. ముగ్గురు మూడు వారాలలో సేకరించినది జనాభా లెక్క కాజాలదు. దానిని అంచనాగానే గ్రహించాలి. నివేదిక అసలు విలువ వేరొకచోట ఉన్నది. అల్లరిమూకకూ అధికారానికీ కుదిరిన పొత్తు ఎట్టిదో అది చూపించింది.

ఆ పొత్తు అన్నిచోట్లా ఒకే తీరున లేదు. కొన్ని ఊళ్ళలో సైనికులు, పోలీసులు దోపిడిలో స్వయంగా పాల్గొన్నారు. కొన్నిచోట్ల జనాన్ని దోపిడికి పురికొల్పారు. అక్కడక్కడ బలవంతపెట్టారు కూడా. మరికొన్నిచోట్ల వయసు వచ్చిన ముస్లిం పురుషులను ఇళ్ళనుండి బయటికి తెచ్చి చంపారు. ఇంత రాసిన సంఘమే జనరల్ చౌదరిని మెచ్చుకొనడానికి వెనుకాడలేదు. అందుచేత దీనిని సైన్యంపై ద్వేషంతో రాసినదని తోసివేయడం కుదరదు.

రజాకార్ల అకృత్యాలకు ఇది ప్రతీకారమే గదా అనేవారున్నారు. ఆ అకృత్యాలు నిజం. నివేదిక వాటిని దాచలేదు. కాని ప్రతీకారమన్న మాట ఊరి జనం కోపాన్ని వివరిస్తుందేమోగాని, శాంతిని కాపాడవలసిన యూనిఫారం నేరాన్ని వివరించదు. పైగా హిందూ నేతపనివారు తమ తోటి ముస్లిం నేతపనివారిని ప్రాణాలకు తెగించి కాపాడిన ఉదంతాలు ఇదే నివేదికలో ఉన్నాయి. ఆయుధం లేని మగ్గంవాడు చేయగలిగినది తుపాకీ ఉన్నవాడు చేయలేకపోయాడనడం నమ్మదగిన మాట కాదు.

నివేదికకు ఒక పరిమితి ఉన్నది. ఆ సంఘానికి న్యాయవిచారణాధికారం లేదు. కనుక అది సాక్ష్యంగా నిలిచిందేగాని తీర్పుగా మారలేదు. ఆ కొరతను తీర్చవలసిన ప్రభుత్వం మౌనం వహించింది. ఫలితంగా ఒక సమాజం తన మృతులను గుసగుసలలో తలచుకొన్నది. మరొక సమాజానికి తన ఇరుగుపొరుగును కాపాడిన నేతపనివారి కథే అందకుండా పోయింది. నివేదికను దాచడం వల్ల నేరంతోపాటు మంచితనం కూడా మరుగున పడిపోయింది.