ఒంటి కొలతల పడవ

గ్రీన్‌లాండ్‌లో పడవకు సరిపడా చెట్లు పెరగడం అరుదు. సైబీరియా నదులు సముద్రంలోకి తోసిన దుంగలు ప్రవాహాలకు కొట్టుకొచ్చి ఒడ్డున పడేవి. అక్కడి ఇన్యూట్ వేటగాళ్లు ఆ కలపనే ఏరుకుని కయాక్ అనే వేట పడవ కట్టేవారు.

కొలబద్ద లేదు, మనిషి ఒళ్లే కొలత. పొడవు అతని ఎత్తుకు సుమారు మూడింతలు, వెడల్పు తుంటికన్నా రెండు పిడికిళ్లు ఎక్కువ. అందుకే ఒకరి కయాక్ మరొకరికి అంత బాగా కుదరదు. పైఅంచు బద్దలకు తొలిచిన బెజ్జాల్లో, నానబెట్టి వేడిచేసి వంచిన బద్దలు దూర్చి, చెక్క చీలలతో, తాళ్లతో బిగించేవారు. ఆ కట్టు అల తగిలితే కాస్త వంగుతుంది, విరగదు.

అసలు నేర్పు ఆడవాళ్ల సూదిలో ఉంది. సీల్ తోళ్లను తడిగా ఉండగానే చట్రంపై లాగి, జంతువుల నరాల దారంతో కుట్టేవారు. సూది తోలును పూర్తిగా దాటి అవతలికి రాకూడదు. వచ్చిందా, ఆ రంధ్రంలోంచి నీళ్లూ వస్తాయి. ఆరాక తోలు చట్రానికి బిగుసుకుంటుంది.

తుంగభద్రలో వెదురు బుట్టకు తోలు కప్పిన పాత పుట్టిదీ ఇదే సూత్రం. అయితే పుట్టి మనుషుల్ని ఏరు దాటిస్తే చాలు. కయాక్ చప్పుడు లేకుండా సీల్‌ను సమీపించాలి, బోల్తాపడితే తెడ్డు ఊపుతో తిరిగి లేవాలి.

ఇప్పుడు తోలు స్థానంలో కాన్వాసు, నైలాను వచ్చాయి. ఒక్కడే మోసుకుపోగల తేలికనూ మంచు సముద్రాన్ని ఓర్చే గట్టిదనాన్నీ ఒకచోట కుదిర్చిన ఆ పనివాళ్లను ఇంజనీర్లని పిలవడానికి సందేహం అక్కర్లేదు.