అర అంగుళం అడిగిన లెక్క

నులక మంచానికి పట్టెలు జానెడు పెంచమంటే వడ్రంగి పట్టెలు మార్చి చేతులు దులుపుకోడు. నులక ఎక్కువ కావాలి. నడుమ జారకుండా అల్లిక బిగించాలి. పెరిగిన బరువును కోళ్లు మోయాలి. ఒక్క కొలత కదిలితే మిగతావన్నీ కదులుతాయి. తుపాకుల తయారీలో ఈ పాఠాన్ని క్షుణ్ణంగా చదువుకున్నవాడు జాన్ గారండ్.

గారండ్ 1888లో కెనడాలోని క్యుబెక్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని, కుటుంబంతో అమెరికా చేరాడు. బట్టల మిల్లులో నేల ఊడ్చే పనితో మొదలుపెట్టి యంత్రాల పని ఒంటబట్టించుకున్నాడు. 1919లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో చేరాడు. 1794లో ఏర్పడి, 1968లో మూతపడేదాకా అమెరికా సైన్యానికి తుపాకులు అందించిన చోటు అది.

ఆయనకు అప్పగించిన పని సెమీ ఆటోమేటిక్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే పేలుతుంది, కానీ తర్వాతి తూటాను సైనికుడు చేత్తో ఎక్కించనక్కర్లేదు. పేలుడులో పుట్టిన వాయువే ఒక కడ్డీని వెనక్కి నెడుతుంది. గొట్టాన్ని వెనక నుంచి మూసి ఉంచే బోల్టును ఆ కడ్డీ తెరుస్తుంది, ఖాళీ గుల్ల బయటికి ఎగురుతుంది. స్ప్రింగు బోల్టును తిరిగి ముందుకు తోసేటప్పుడు కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. ఇదంతా రెప్పపాటులో జరగాలి, బురదలోనూ జరగాలి.

1920ల చివర్లో అధికారులు పాయింట్ 276 పెడర్సన్ అనే చిన్న తూటా వైపు మొగ్గారు. దానికి తగ్గట్టు గారండ్ చేసిన రైఫిల్‌లో పది తూటాల క్లిప్పు పట్టేది. పరీక్షల్లో అది నెగ్గింది కూడా. కానీ 1932లో సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ ఆ తూటాను తోసిపుచ్చాడు. గోదాముల నిండా పాత పాయింట్ 30 తూటాలున్నాయి, మెషిన్‌గన్‌లూ వాటినే వాడుతున్నాయి. పైగా దేశం ఆర్థిక మాంద్యంలో ఉంది. దాంతో గారండ్ తన రైఫిల్‌ను పాత తూటాకు మార్చాల్సి వచ్చింది.

చిన్న తూటా గుల్ల పొడవు 51 మిల్లీమీటర్లు, పెద్దదానిది 63. తేడా అర అంగుళానికి కాస్త తక్కువే. కానీ తూటా పొడవైతే దాన్ని అందుకోవడానికి బోల్టు మరింత వెనక్కి వెళ్లాలి. అందుకు బోల్టు కదిలే రిసీవర్ అనే గూటిలో చోటుండాలి. తోపు ఎక్కువైతే బోల్టు దాన్ని తట్టుకోవాలి. అంతకుముందే పెద్ద తూటాతో చేసిన ఒక నమూనాలో బోల్టు పగిలింది కూడా. తూటా లావూ పెరగడంతో క్లిప్పులో పదికి బదులు ఎనిమిదే పట్టాయి. గారండ్ మూల సూత్రాన్ని వదలలేదు. దాని చుట్టూ ఉన్న ప్రతి కొలతనూ తిరిగి కట్టుకొచ్చాడు. 1936లో సైన్యం ఆ రైఫిల్‌ను ఎం1 పేరుతో స్వీకరించింది.

కొలత విలువ ఎంతటిదో ఆ తర్వాత మరోసారి తేలింది. ఫ్యాక్టరీలో చేసిన రైఫిళ్లలో ఏడో తూటా దగ్గర ఇరుక్కోవడం మొదలైంది. నమూనాల్లో లేని జబ్బు ఇది. వెతికితే కారణం దొరికింది. రిసీవర్ లోపల తూటాకు దారి చూపే చిన్న గట్టును యంత్రం అవసరానికి మించి చెక్కేస్తోంది. ఆ ఇసుమంత లోహం తిరిగి చేరాక తుపాకీ కుదుటపడింది.

ఎం1 రైఫిళ్లు 54 లక్షలకు పైగా తయారయ్యాయి. గారండ్ తన పేటెంట్ హక్కులను ప్రభుత్వానికి రాసిచ్చాడు. రాయల్టీగా ఒక్క డాలరూ తీసుకోలేదు. ఆయనకు లక్ష డాలర్లు ఇవ్వాలన్న బిల్లు కాంగ్రెస్ గడప దాటలేదు.

తుపాకీ ప్రాణం తీసే పరికరం. ఆ మాట మరిచి దాన్ని పొగడలేం. అయినా ఈ పనిలోని క్రమశిక్షణ ఏ చేతివృత్తికైనా నేర్చుకోదగ్గది. ముచ్చటపడి చేసుకున్న రూపాన్ని కాదన్నప్పుడు అలిగి పక్కన పెట్టకుండా, మూలాన్ని నిలుపుకుని మిగతా అంతా మళ్లీ కొలుచుకోవడమే ఆ క్రమశిక్షణ.

1957లో ఎం1 స్థానంలోకి ఎం14 వచ్చింది. గారండ్ రూపకల్పన మీదే కట్టిన ఆ రైఫిల్‌కు ఎంచుకున్న కొత్త తూటా గుల్ల పొడవు 51 మిల్లీమీటర్లు. అప్పటికి పాతికేళ్ల ముందు పక్కన పెట్టిన పొడవు అదే. తూటా మళ్లీ పొట్టిదయ్యింది, ఆయన కట్టిన అమరిక మాత్రం దానికీ ఒదిగింది.