బొరియ నిలిచే మట్టి

హైదరాబాద్ పాతబస్తీలో పిట్టలకు, కోళ్లకు మహబూబ్ చౌక్ పెట్టింది పేరు. జనం నోట అది ముర్గీ చౌక్. పంజరం కొనేవాళ్లు ఊచలు చూస్తారు, తలుపు చూస్తారు, అడుగు రేకును పెద్దగా పట్టించుకోరు. టరాంటులాను పెంచేవాళ్ల పనితనమంతా అడుగులోనే ఉంటుంది. ఈ పెద్ద సాలీడుకు చూపు అంతంతమాత్రం. బొద్దింక కదిలితే ఆ అదురును కాళ్లతో, కాళ్ల మీది సన్నని నూగుతో పసిగడుతుంది.

దాని గాజు పెట్టె అడుగున నేలను కుదర్చడం ఓపికతో కూడిన పని. కొబ్బరి పొట్టు ఇటుకను నానబెడితే ఉబ్బి తేమను పట్టి ఉంచుతుంది. కానీ ఒట్టి పొట్టులో తవ్విన బొరియ నిలవడం కష్టం. దానికి కొంచెం బంక కావాలి. హైదరాబాద్ చుట్టూ గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టిని జల్లించి కలిపితే ఆ లోటు తీరుతుంది. రేగడి వద్దు: తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. ఎరువు, పురుగుమందు సోకిన మట్టి అసలే వద్దు. కలిపిన మట్టిని పిడికిట్లో నొక్కితే నీరు కారకూడదు, వేళ్లు తెరిస్తే ముద్ద విడిపోకూడదు. సున్నుండలు చుట్టే చేతికి ఆ పదును ఇట్టే తెలుస్తుంది.

తరవాత పొర మీద పొర పోసి, ప్రతి పొరనూ అరచేత్తో అదమాలి. బొరియ తవ్వే జాతికి మట్టి లోతు కనీసం కాళ్లు చాపిన పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉంటే మేలు. ఈ లోతుకు ఇంకో ప్రయోజనమూ ఉంది. గోడెక్కి జారిపడితే నేల మీద బతికే బరువైన సాలీడు పొట్ట పగిలే ప్రమాదం ఉంది. మట్టి ఎత్తుగా ఉంటే పడే దూరం తగ్గుతుంది.

ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో పైపైన చిలకరించిన నీరు ఎంతోసేపు ఆగదు. అందుకే చేయి తిరిగినవాళ్లు ఒక మూలన పోసి తడిని అడుక్కి దింపుతారు. పైన పొడి, కింద చెమ్మ. ఏ లోతు కావాలో సాలీడే ఎంచుకుంటుంది. కోరలతో మట్టి పెళ్లగించి, పట్టుతో ఉండకట్టి బయటికి మోసి, లోపలి గోడలకు పట్టు పూత పూస్తుంది.

చెట్టు తొర్రల్లో ఉండే జాతులకు ఈ లెక్క పనికిరాదు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలి టరాంటులాను 1899లో జంతుశాస్త్రవేత్త పోకాక్ లోకానికి పరిచయం చేశాడు; మళ్లీ 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో కనిపించింది. అలాంటివాటికి నిలబెట్టిన బెరడు ముఖ్యం, అడుగున రెండు మూడంగుళాల మట్టి చాలు. అయితే గుత్తి సాలీడు అంతరించే ముప్పు అంచున ఉంది. అడవి నుంచి పట్టి తేవలసిన ప్రాణి కాదు.

పెట్టె సిద్ధమయ్యాక పరీక్ష సులువు. నేల మీద బతికే సాలీడు రోజుల తరబడి గాజు గోడకే అంటుకుని ఉంటే మట్టిలో తడి ఎక్కువై ఉండొచ్చు. దాన్ని కదిలించకుండా మూతలోంచి గాలి ఆడనిచ్చి, పై పొరను ఆరనివ్వాలి.